విమానం బొమ్మ కార్డు

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్ ఎన్ని అంతస్తులు ఎక్కాడో, ఎన్ని దిగాడో లెక్కలేదు గానీ, విమానం మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. అయినా ఒక శనివారం సాయంత్రం సబ్బులూ పాలూ తెస్తానని సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, తలుపు దగ్గర బల్ల వేసుకుని నిలబడ్డ బ్యాంకు కుర్రాడి మాటలకి పడిపోయి, విమానం బొమ్మ ఉన్న క్రెడిట్ కార్డుకి సంతకం పెట్టేసి వచ్చాడు. పాలు మరిచిపోయాడు.

"కార్డు ఇంటికే పంపిస్తారట," అన్నాడు సంచి బల్ల మీద పెడుతూ. "ఎయిర్‌పోర్టులో లాంజ్ ఉంటుంది చూడు, అందులోకి ఫ్రీగా వెళ్ళొచ్చు. ఎంతసేపు కూర్చున్నా, ఎంత తిన్నా ఎవరూ అడగరు."

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. అతని భార్య కర్టెన్లు కుడుతుంది. ఆ గది ఆవిడ దుకాణం, ఆవిడ కార్ఖానా. గోడవారగా బట్టల తానులు, మూలగా ఇత్తడి రింగుల డబ్బాలు, నేలంతా దారప్పోగులు.

"ఎయిర్‌పోర్టులో మనకేం పని?" అని అడిగింది.

"ఎప్పుడైనా వెళ్తే..."

"ఎప్పుడు వెళ్తాం?"

"కార్డంటూ ఉంటే వెళ్ళాలనిపిస్తుంది కదా!"

"అంటే ఇంట్లో కట్టు కట్టే గుడ్డ ఉంది కాబట్టి కాలు విరగ్గొట్టుకోవాలన్నమాట."

కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆవిడ టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు మీద తీగలు గుచ్చుతూ ఊళ్ళనీ ఊళ్ళనీ కలిపిన ఉద్యోగం. ఇప్పటికీ ఇంట్లో ఎవరు ఏ మూల గొణిగినా ఆవిడ చెవిన పడకుండా పోదు.

"ఏడాదికి ఫీజెంత?" కోడలు వదల్లేదు.

"మొదటి ఏడాది లేదు."

"రెండో ఏడాది?"

"కాస్త ఖర్చు పెడితే అదీ మాఫీ."

"ఎంత కాస్త?"

అతను చెప్పాడు, కానీ గొంతులోనే చెప్పుకున్నాడు.

"వినపడలేదు."

"నాకు వినపడింది," అంటూ తల్లి ఆ అంకెని గది మారుమోగేలా చెప్పింది. కోడలి చేతిలో ఉన్న గుడ్డ జారి కిందపడింది.

అయితే ఆవిడ ఊరికే దెప్పుతూ కూర్చునే రకం కాదు. ఇంట్లోకి కార్డు ఎలాగూ వస్తోంది. దానితో పాటు ఇంటికి పనికొచ్చేది కూడా ఒకటి ఉండాలి కదా అనుకుంది. సోమవారం పని త్వరగా ముగించుకుని బ్యాంకుకి వెళ్ళింది. అక్కడ కార్డుల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. అడగ్గానే రంగురంగుల కాగితాలు తీసి పరిచింది. ఒకదాని మీద గోల్ఫ్ ఆడుతున్న మనిషి, ఒకదాని మీద సినిమా తెర, ఇంకోదాని మీద మంచుకొండ.

"మేము గోల్ఫ్ ఆడమండీ," అంది కర్టెన్లావిడ. "కరెంటు బిల్లు, ఫోన్లు, కిరాణా, మా ఆయన స్కూటర్‌కి పెట్రోలు. నెలనెలా మా చేతిలోంచి వెళ్ళేది ఇదే. దీనికి ఏది మంచిది?"

"మా ప్లాటినమ్ తీసుకుంటే మీకు..."

"ఒక్క మాట చెప్పండి. మీ సొంత ఖర్చులకి మీరు ఏది వాడతారు?"

కళ్ళజోడావిడ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, హ్యాండ్‌బ్యాగు తెరిచి ఒక కార్డు తీసి చూపించింది. బూడిదరంగు. బొమ్మా లేదు, మెరుపూ లేదు.

"దీనికి ఫీజు లేదు. కిరాణా మీదా బిల్లుల మీదా కొంత శాతం డబ్బు వెనక్కి వస్తుంది. పాయింట్లూ గీయింట్లూ ఏమీ ఉండవు, తిన్నగా బిల్లులోనే తగ్గిస్తారు. దీన్ని గురించి ఎవరూ అడగరు," అని కాస్త గొంతు తగ్గించింది, "చూడ్డానికి బాగోదు కదా."

"మాకేం, గోడకి తగిలించుకుంటామా," అంది కర్టెన్లావిడ.

లేచేముందు ఇంకో రెండు సంగతులు కూడా అడిగి తెలుసుకుంది. బిల్లు తయారయ్యే తేదీ వేరు, కట్టాల్సిన గడువు వేరు. బిల్లు తయారైన మర్నాడు కొంటే ఆ ఖర్చు వచ్చే నెల బిల్లులో గానీ రాదు కాబట్టి చాలా వ్యవధి దొరుకుతుంది. అదే ముందురోజు కొంటే ఆ బిల్లులోనే వచ్చి కూర్చుంటుంది. ఇది ఆవిడకి ఎంత నచ్చిందంటే, ఇంటికి వస్తూ దారిపొడుగునా తనలో తను అనుకుంటూనే వచ్చింది.

అలా ఆ ఇంట్లోకి రెండు కార్డులొచ్చాయి. మొగుడూ పెళ్ళాల మధ్య పోటీ కూడా వచ్చింది.

బూడిదరంగు కార్డు పని గుట్టుగా సాగింది. కరెంటు, ఫోన్లు, కిరాణా అన్నీ దాని మీదే. నెలాఖరుకి బిల్లులో కొంత తగ్గేది. తగ్గింది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆవిడ అత్తగారికి చూపించి మురిసిపోయేది. విమానం బొమ్మ కార్డు మాత్రం ఊరేగింది. మెకానిక్‌కి పాయింట్లంటే పిచ్చి పట్టుకుంది. మధ్యాహ్నం తోటి మెకానిక్‌లంతా కలిసి హోటల్లో తింటే, బిల్లు రాగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఆగండాగండి! డబ్బులు నాకివ్వండి. నేను కార్డు గీస్తాను."

ఒకడి బూట్లకి, ఒకడి మరదలి పెళ్ళికానుకకి, సూపర్‌వైజరు ఇంటి ఫ్యానుకి కూడా ఇతనే గీశాడు. పనిలో అతన్ని 'గీతల మాస్టారు' అనడం మొదలుపెట్టారు. అతనూ ఆ బిరుదుకి పొంగిపోయాడు. పాయింట్లు పెరుగుతున్నాయి. చిక్కేమిటంటే, వాళ్ళిచ్చిన నోట్లు అతని చొక్కా జేబులోకి వెళ్ళేవి. చొక్కా జేబులో పడ్డ డబ్బు ఎంతకాలం ఉంటుంది? టీకి కొంత, స్కూటర్ రిపేరుకి కొంత, దారిలో కనిపించిన డ్రిల్లు బిట్ల సెట్టుకి కొంత. బిల్లు వచ్చేనాటికి జేబు ఖాళీ.

బిల్లులో రెండు అంకెలున్నాయి. ఒకటి చూస్తే కళ్ళు తిరిగాయి. దాని కిందే 'కనీసం చెల్లించవలసినది' అని ఇంకొకటి, ముచ్చటగా, చిన్నగా ఉంది. బ్యాంకువాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకుని అతను అదే కట్టాడు. తర్వాతి నెలా అదే కట్టాడు. మూడో బిల్లు చూశాక వాళ్ళ మంచితనం ఏపాటిదో అర్థమైంది.

ఆదివారాలు అతను భార్యతో పాటు ఆవిడ కస్టమర్ల ఇళ్ళకి వెళ్ళి కర్టెన్ల రాడ్లు బిగిస్తుంటాడు. ఆ ఆదివారం ఒక ఖాళీ ఫ్లాటులో నిచ్చెన మీద నిలబడి, గోడకి కన్నం వేస్తూ వేస్తూ డ్రిల్లు ఆపేశాడు.

"నీకో సంగతి చెప్పాలి."

"దిగి చెప్పండి."

"ఇక్కణ్ణుంచే చెప్తాను. ఇక్కడైతే నీ చెయ్యి అందదు."

అంతా చెప్పాడు. కనీసం కట్టడం, మిగిలినదాని మీద వడ్డీ, ఆ బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదాని మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడడం. చెప్తున్నంతసేపూ గోడ వంకే చూశాడు. అయ్యాక మెల్లిగా తల తిప్పాడు. ఆవిడ నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడి ఉంది, వదల్లేదు.

"ఎంతైంది?"

చెప్పాడు. ఈసారి గట్టిగానే చెప్పాడు.

"కొత్త మిషను కోసమని దాచింది ఉంది," అంది ఆవిడ. "రేపు పొద్దున్నే మొత్తం కట్టేద్దాం. మిషను ఎక్కడికీ పోదు, వడ్డీ అలా కాదు. దిగండి ఇంక, ఆ కన్నం తర్వాత వేద్దురుగాని."

అతను దిగి నేల మీద కూలబడ్డాడు. "తిట్టవేంటి?"

"ఇంటికెళ్ళాక తిడతాను. ఇది పరాయివాళ్ళ ఇల్లు."

ఇంటికెళ్ళాక తిట్టింది కూడా. దానికి అత్తగారు వంత పాడింది. ఆ ఊపులో అతను కార్డు తెచ్చి, బట్ట కత్తిరించే పెద్ద కత్తెర అందుకున్నాడు.

"అయ్యో, ఆగండి!" భార్య చెయ్యి పట్టుకుంది. "కత్తెర పదును పోతుంది. అయినా కార్డేం చేసింది పాపం? గీసింది మీరు." కార్డు లాక్కుని ఫోను తీసింది. ప్రతి నెలా గడువు రోజున మొత్తం బిల్లు దానంతటదే ఖాతాలోంచి వెళ్ళిపోయేలా పెట్టించింది. "ఇకమీదట ఎవరికి గీసినా వాళ్ళు మన ఖాతాలో వేశాకే గీయండి. చొక్కా జేబుల్లేవు. కావాలంటే ఆ జేబులు కుట్టేసిస్తాను."

రెండు జేబులు నిజంగానే కుట్టేసింది.

అలా ఇంట్లో కాస్త తెరిపిన పడ్డాక, ఒక పెద్ద స్కూలు నుంచి ఆవిడకి కబురొచ్చింది. వాళ్ళ ఆడిటోరియం స్టేజీకి తెరలు కావాలి. బరువైన మఖమలు బట్ట, వెనక అస్తరు, పైనుంచి కిందిదాకా కుచ్చుమడతలు. అంత పెద్ద పని ఆవిడ ఎప్పుడూ చేయలేదు. బట్టకే బోలెడవుతుంది. స్కూలువాళ్ళు సగం డబ్బు గుడ్డ కత్తిరించినప్పుడు, మిగతాది తెర బిగించినప్పుడు ఇస్తామన్నారు. బట్ట దుకాణం మాత్రం డబ్బు ముందే కట్టమంది.

ఆవిడ రెండు కార్డులూ ఎదురుగా పెట్టుకుని ఆలోచించింది. బూడిదరంగు కార్డుకి అంత పరిమితి లేదు. బట్టల మీద అది పైసా వెనక్కి ఇవ్వదు కూడా.

"ఏమండీ," అంది చివరికి, కాస్త నొచ్చుకుంటూనే. "మీ విమానం ఓసారి ఇస్తారా?"

మెకానిక్ మొహం వెలిగిపోయింది. "అడిగావా! అడిగావా మరి!"

"ఎక్కువ చెయ్యకండి. బిల్లు ఎల్లుండి తయారవుతుంది. ఆ మర్నాడు కొందాం."

అన్నట్టే కొన్నారు. దుకాణంవాడు కార్డుకి అదనంగా ఏమీ వేయనని మాటిచ్చాకే ఆవిడ కార్డు బయటికి తీసింది. తర్వాత ఇల్లంతా మఖమలే. అన్నం తినే బల్ల మీద మఖమలు, సోఫా మీద మఖమలు, అత్తగారి ఒళ్ళో మఖమలు. ఆవిడ రింగులు కుట్టింది, కొడుకు రాడ్డుకి కప్పీలు బిగించాడు. తెర లాగితే లిఫ్టు తలుపంత మెత్తగా జరిగేలా చేశాడు. స్కూలు డబ్బు గడువుకి ముందే ఖాతాలో పడింది, బిల్లు తీరింది. కొత్త మిషను కూడా వచ్చింది.

అంత పెద్ద ఖర్చుకి పాయింట్లు గుట్టగా పడ్డాయి. రెండో ఏడాది ఫీజు మాఫీ అయింది. మెకానిక్ ఫోన్లో లెక్క చూసి, లేచి నిలబడి మరీ ప్రకటించాడు. "విమానం టికెట్టు వస్తుంది! రానూ పోనూ!" మళ్ళీ చూసి కూర్చున్నాడు. "ఒక్కరికే."

"నువ్వెళ్ళు," అన్నాడు భార్యతో. "తెర కుట్టింది నువ్వే కదా."

"ఒక్కదాన్నీ ఎక్కడికెళ్ళను? మీరే వెళ్ళండి, మీ సరదా తీరుతుంది."

"నువ్వు లేకుండానా?"

ఇలా కాసేపు ఒకరినొకరు బతిమాలుకుంటుంటే, కిటికీ దగ్గర పేపరు కిందికి దిగింది.

"ఆ విమానం సముద్రం ఒడ్డు ఊరికి వెళ్తుందా?" అని అడిగింది తల్లి. ఎటో చూస్తూ, ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగింది.

"వెళ్తుంది. అక్కడెవరున్నారమ్మా?"

"హార్బర్ ఉంది."

హార్బర్ అంటే మనిషి. ఆ రేవు ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చునే ఆపరేటరు. ఇక్కడ ఈవిడది సెంట్రల్. రెండు ఊళ్ళ మధ్యా నడిచే ట్రంకు లైనుకి ఇటు చివర ఈవిడ, అటు చివర ఆవిడ. "హలో హార్బర్", "హలో సెంట్రల్" అని పిలుచుకోవడంతో మొదలైంది. పిలుపులు తక్కువగా ఉండే మధ్యాహ్నాల్లో కష్టం సుఖం చెప్పుకునేదాకా వచ్చింది. ఒకరి అత్తగారి సణుగుడు, ఒకరి పళ్ళనొప్పి, సినిమా కథలు, ఏడుపులు అన్నీ ఆ తీగ మీదే నడిచాయి. ఎక్స్చేంజీలు మూసేశాక కూడా అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. డ్యూటీలు, పిల్లలు, రైలు ఖర్చు, ఏదో ఒకటి అడ్డం పడేది.

"ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదత్తయ్యా," అంది కోడలు.

"వద్దనుకున్నాం. చూస్తే ఎదురుగానే చూద్దామని పంతం."

భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. ఇంక ఆ టికెట్టు గురించి ఎవరూ బతిమాలుకోలేదు.

లాంజ్ సంగతి మాత్రం మెకానిక్ వదల్లేదు. తన తల్లి అందులో కూర్చుని కడుపునిండా తినాలని అతని పట్టుదల. కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళనే లోపలికి పంపిస్తారని తెలిసి, బ్యాంకుకి చెప్పి తన కార్డు కిందే తల్లి పేరుతో ఇంకోటి తీయించాడు. అది వచ్చిన రోజు ఆవిడ తన పేరున్న ఆ ఉబ్బెత్తు అక్షరాల మీద వేలు పెట్టి నిదానంగా తడిమింది.

"దీని బిల్లు కూడా మా బిల్లులోనే వస్తుందత్తయ్యా. మీరు ఏం కొన్నా మాకు తెలిసిపోతుంది," అని కోడలు ఆటపట్టించింది.

"అయితే అల్లరి కాస్త చూసుకుని చేస్తాలే."

"పిన్ నంబరు ఎవరికీ చెప్పకమ్మా," అన్నాడు కొడుకు. "ఇంతకీ ఏం పెట్టావు?"

"చెప్పను. ఎవరికీ అంటే అందులో నువ్వూ ఉన్నావు."

ప్రయాణం రోజున ఆవిడ నీలం కోటు వేసుకుని, చిన్న పెట్టె లాక్కుంటూ లాంజ్ దగ్గరికి వెళ్ళింది. కౌంటరు పిల్ల కార్డు గీసి పిన్ కొట్టమంది. రూపాయో రెండు రూపాయలో నామమాత్రంగా వసూలవుతుందని చెప్పింది. ఫ్రీ అన్నారే అని ఆవిడ నిలదీస్తే, కార్డు పనిచేస్తోందో లేదో చూడ్డానికేనండీ అని నవ్వింది. లోపల మెత్తని కుర్చీలు, వేడివేడి సూపు, నాలుగు రకాల రొట్టెలు, పళ్ళముక్కలు, కేకులు. ఆవిడ దేన్నీ చిన్నబుచ్చలేదు. పక్క కుర్చీలో టై కట్టుకున్నాయన లాప్‌టాప్ మీంచి తలెత్తి పలకరించాడు.

"తరచూ వెళ్తుంటారాండీ?"

"ఇదే మొదటిసారి. మీరు?"

"వారానికి రెండుసార్లు."

"అయ్యో పాపం," అందావిడ మనస్ఫూర్తిగా. కేకు ఇంకో ముక్క తెచ్చి ఆయనకిచ్చింది.

తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "అన్నీ తిన్నానురా. కాఫీ మన ఇంట్లోదే నయం. ఇక్కడ మైకులో చెప్పే అమ్మాయి మాట చివర మింగేస్తోంది. మా రోజుల్లో అయితే ఉద్యోగం ఊడేది." గొంతు కాస్త తగ్గించింది. "మీ నాన్న ఉంటే ఆ రొట్టెలు జేబులో వేసుకునేవాడు."

విమానం దిగి బయటికి వచ్చేసరికి రేవు ఊరి విమానాశ్రయంలో జనమే జనం. హార్బర్ అంటే ఆవిడ మనసులో ఒక రూపం ఉంది. పొడుగ్గా, సన్నగా, ముక్కు మీద కళ్ళజోడుతో, ఎప్పుడూ నిటారుగా కూర్చునే మనిషి. ఆ కొలతలకి సరిపోయేవాళ్ళు ఇద్దరు కనిపించారు గానీ ఇద్దరూ ఆవిడ వంక చూడలేదు. ఏం చెయ్యాలో తోచక ఒక స్తంభం పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. ఆ రొదలో ఒక్కో గొంతునీ ఏరి పక్కన పెట్టడం ఆవిడకి కొత్తేమీ కాదు.

"...ఎక్కువ చెప్తున్నావయ్యా, నేనిక్కడే పుట్టాను!" అని టాక్సీవాడితో ఎవరో బేరమాడుతున్నారు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే గట్టిగా పిలిచింది. "హలో హార్బర్!"

బేరం ఆగిపోయింది. "హలో సెంట్రల్?"

కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా పొట్టిగా, బొద్దుగా, పొట్టిజుట్టుతో, పరుగుపందేనికి వచ్చినట్టు బూట్లు వేసుకున్న ఒకావిడ! ఇద్దరూ వాటేసుకున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. ఇక అక్కణ్ణుంచి మొదలయ్యాయి తిప్పలు. ఇద్దరికీ మాట రావడం లేదు.

టాక్సీలో పక్కపక్కనే కూర్చుని ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూశారు. "ఎండ బాగానే ఉంది," అంది ఒకావిడ. "అవునండీ," అంది రెండో ఆవిడ. అండీ అన్నందుకు ఇద్దరికీ సిగ్గేసింది. ఇంటికెళ్ళాక కూడా అంతే. హార్బర్ ఫ్లాటు చిన్నది, శుభ్రమైనది. "కూర్చోండి", "మీరు కూడా కూర్చోండి" అనుకుంటూ సోఫాకి చెరో చివరా కూర్చున్నారు. ఈ మొహానికీ ఆ గొంతుకీ లంకె కుదరక సెంట్రల్ తల దించుకుని తన కోటు గుండీలు చూసుకుంది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని లోపల దిగులు కూడా వేసింది.

హార్బర్ కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"చక్కెర ఎంత వెయ్యమంటావే?"

"రెండు చెంచాలు. డాక్టరు వద్దన్నాడు గానీ, వాడిక్కడ లేడుగా!"

"మీ డాక్టరు ఆ ముక్కుతో మాట్లాడేవాడేనా?"

"వాడు పోయాడే! ఇప్పుడు వాడి కూతురు. ఆ పిల్లకీ అదే ముక్కు!"

ఇక చూసుకోండి. గోడకి ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు. నవ్వులు, అరుపులు, "అప్పుడేమైందో తెలుసా" అనడాలు. కాఫీ పొంగి పొయ్యి కూడా ఆరిపోయింది. చాలాసేపటికి హార్బర్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒకరినొకరు చూసుకోగానే ఇద్దరూ మళ్ళీ బిగుసుకుపోయారు. ఆ వెంటనే ఇద్దరూ పగలబడి నవ్వారు.

"మనకి మొహాలు అలవాటు లేదే," అంది హార్బర్.

బాల్కనీలో రెండు కుర్చీలు వీపుకి వీపు ఆనేలా వేసుకుని, ఆ సాయంత్రమంతా అలాగే కూర్చుని మాట్లాడుకున్నారు. మర్నాడు ఒక కుర్చీ కొంచెం పక్కకి తిరిగింది. ఆ పై రోజుకి ఎదురెదురుగా కూర్చుని, ఒకరి పళ్ళెంలోంచి ఒకరు తీసుకుని తింటున్నారు.

సముద్రం దగ్గర హోటల్లో మాత్రం గొడవైంది. బిల్లు రాగానే ఇద్దరూ కార్డులు తీశారు. వెయిటరు మిషను పట్టుకుని ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాడు.

"నాది తీసుకోవయ్యా, ఆవిడ అతిథి!"

"నాది తీసుకో, నా పాయింట్లు పెరగాలి!" అని సెంట్రల్ అడ్డం వచ్చి, అంతలోనే కోడలి మాటలు గుర్తొచ్చి ఆగింది. "ఆగు. నీ కార్డు తిండి మీద ఏమైనా వెనక్కిస్తుందా?"

"ఏమో! మా బ్యాంకువాళ్ళు ఎప్పుడో ఇచ్చారు. గీస్తాను, కడతాను. పాయింట్లని ఏవో రాస్తుంటారు, నేను చూడను."

"ఎన్నేళ్ళుగా చూడలేదు?"

హార్బర్ తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. సెంట్రల్ అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేసింది. కోడలు పని పక్కన పెట్టి, ఏ బొత్తాం నొక్కాలో, ఏ పేజీకి వెళ్ళాలో ఫోన్లోనే చెప్తుంటే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని వెతికారు. చివరికి తెర మీద ఒక అంకె కనిపించింది.

"అన్ని సున్నాలున్నాయి, తప్పు పడిందేమో," అంది హార్బర్.

"తప్పేం కాదు పిన్నిగారూ," కోడలి గొంతులో నవ్వు. "కింద చూడండి, చాలామటుకు ఈ నెలాఖరుకి మురిగిపోతాయట. ఈలోపు టికెట్టు తీసుకుంటారా మరి?"

"ఎక్కడికమ్మా?"

"ఇక్కడికే. అత్తయ్యతో పాటు."

రెండు రోజుల తర్వాత మెకానిక్, అతని భార్య విమానాశ్రయంలో కమ్మీల దగ్గర నిలబడి చూస్తున్నారు. అద్దాల తలుపు తెరుచుకుంది. నీలం కోటు, దాని పక్కన పొట్టిజుట్టు. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ, ఎవరో లాంజ్‌లో కేకులు అయిపోయాయన్నందుకు కాబోలు, గట్టిగా విసుక్కుంటూ వస్తున్నారు.

"నమస్కారం పిన్నీ. ప్రయాణం బాగా జరిగిందా?" మెకానిక్ ముందుకెళ్ళి పెట్టె అందుకున్నాడు.

ఆవిడ ఠక్కున ఆగి, తల పక్కకి వంచి వింది. "ఇంకొక్క మాట మాట్లాడు నాయనా."

"ఏం మాట్లాడమంటారు?"

"అచ్చం మీ నాన్న గొంతే!" అంది సంబరంగా. "నువ్వు పుట్టిన రోజు మీ అమ్మకి బోర్డు ముందే నొప్పులొచ్చాయి తెలుసా? మీ నాన్న పనిచేసే చోటికి కబురు చెప్పింది నేనే. ఏం చేశాడనుకున్నావు? కంగారులో ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే పరిగెత్తాడు. ఆ లైను ఎంతసేపు అలా ఉండిపోయిందో!"

"ఇది నాకు నువ్వెప్పుడూ చెప్పలేదే!" అంది సెంట్రల్.

"నువ్వు అడగలేదు."

"అడక్కపోతే చెప్పవా?"

మెకానిక్ అలాగే పెట్టె పట్టుకుని నిలబడిపోయాడు. భార్య అతని మోచేతిని మెల్లిగా తట్టి ముందుకి నడిపించింది. టాక్సీలో అతను ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ముగ్గురాడవాళ్ళు. ఆ ఫోన్ పెట్టెయ్యని రోజు సంగతి హార్బర్ మొదటి నుంచీ ఎత్తుకుంది. మధ్యలో సెంట్రల్ దిద్దుతోంది, కోడలు ఆగలేక నవ్వుతోంది, అతను వెనక్కి తిరిగి ఇంకా ఇంకా అడుగుతున్నాడు. టాక్సీ డ్రైవరు కూడా చెవులప్పగించి వింటూ, తిరగాల్సిన మలుపు దాటించేశాడు.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.